అరవై డబ్బాలు

ఉరుగ్వే నది మీద పొగమంచు ఇంకా విడలేదు.
కాంకోర్డియా ఊరి చివర, రసం ఫ్యాక్టరీలో
ఎర్మీనియా నాలుక కడుక్కుంటోంది.
ఉప్పులేని బిస్కెట్ ముక్క, గోరువెచ్చటి నీళ్ళు,
తర్వాత ఒక్క గుక్క.
కళ్ళు మూసుకుని లోపలే ఏదో లెక్కపెట్టి
రిజిస్టర్లో రాస్తుంది: చేదు, తొమ్మిది.

ఆ కుర్చీలో ఆమెకిది ముప్ఫయ్యొకటో ఏడు.

పంపరపనసకీ నారింజకీ పుట్టిన పండు ఇది,
తల్లి నుంచి చేదు తెచ్చుకుంది.
ఆ చేదుకి నరింజిన్ అని పేరు పెట్టారు,
పలికి చూడండి, నారింజ వినిపిస్తుంది.
ఇదివరకు తొమ్మిది దాటితే ట్యాంకు వెనక్కి పోయేది,
లేదా చక్కెర పోసి దాని నోరు నొక్కేవాళ్ళు.

ఇప్పుడు డబ్బా లోపలి గోడకి ఒక పొర వచ్చింది.
ఉల్లిపొర కన్నా పలచన,
వెలుతురుకి పెడితే ఉన్నట్టే తెలియదు.
ఏదో బూజు నుంచి తీసిన ఎంజైము
దాన్నిండా పాతుకుని కూర్చుంది.
అది రసంలోకి దిగదు. రసమే దాని దగ్గరికొస్తుంది,
లారీ కుదుపులకి ఊగుతూ, ఒరుసుకుంటూ.
ఒరుసుకున్నప్పుడల్లా ఒక చేదు కణానికి నడుం విరుగుతుంది.
కలిపేదేమీ లేదు, చల్లేదేమీ లేదు.
ఉన్నదాన్ని విడగొట్టి ఊరుకుంటుంది.

పదకొండు రోజులు పడుతుంది.
ఇక్కడ తొమ్మిది,
రొసారియో గోడౌన్లో ఆరు,
బాయియా బ్లాంకాలో కొట్టు అలమర ఎక్కేసరికి రెండు.
అంటే ఆ చేదుని ఆఖరిసారి కలిసేది
ఎర్మీనియా నాలుకే.

ఆ మాట ఆమెతో నేనే అన్నాను, నవ్వుతుందనుకుని.
నవ్వలేదు.
మాతే ఆకు మీద వేడినీళ్ళు వంచి
బుర్రనీ, లోహపు గొట్టాన్నీ నాకందించింది.
చక్కెర లేదు. మా షిఫ్టులో ఎవరూ వెయ్యరు,
వేస్తే పాలు మరవని పిల్లాడంటారు.
"ఈ పొర ముక్కొకటి ఇందులో పడేస్తేనో?" అన్నాడు రమీరో.
"ఏమీ కాదు. అది ఒక్క తాళానికే పట్టే చెవి.
ఈ ఆకు చేదు వేరే ఇంటిది."
"బతికిపోయాం," అంది ఎర్మీనియా.

నా తప్పు జూలైలో జరిగింది, ఒక రాత్రి షిఫ్టులో.
రోలు అయిపోతే కొత్తది అతికించాను.
అతుకు దగ్గర కొన్ని మీటర్లు వట్టి ప్లాస్టిక్, ఎంజైము లేదు.
నాకు తెలిసేసరికి అరవై డబ్బాలు సీలుపడి
దక్షిణానికి లారీ ఎక్కేశాయి.

ఫారం నింపాను. సూపర్‌వైజర్ గోట్లీబ్ తల పట్టుకున్నాడు.
వెనక్కి పిలిపిస్తే ఖర్చు, విషమైతే కాదుగా, అన్నారు పైవాళ్ళు.
ఫిర్యాదులొస్తే చూద్దాం అన్నారు.

చూశాం.
మూడు వారాలకి ఒకటొచ్చింది,
ట్రెలెవ్ నుంచి, ఓ పళ్ళ డాక్టరు చీటీ కాగితం మీద:
మీ రసం పాడైంది, నా డబ్బు పంపండి.
పంపారు.

మిగతా యాభైతొమ్మిది?
మొహం చిట్లించి సింకులో పారబోశారేమో.
చక్కెర కలుపుకున్నారేమో.
లేదా ఎవరో ఒక గుక్క తాగి, ఆగి,
జనంలో పాత ముఖమేదో కనబడ్డట్టు
గ్లాసుని కిటికీ వైపు ఎత్తి చూశారేమో.
నాకు రాత్రుళ్ళు అదే ధ్యాస.
ఎర్మీనియా ఏమీ అడగలేదు.
ఆ చీటీ చదివింది, మడిచింది,
రిజిస్టర్లో జూలై పేజీల మధ్య పెట్టింది.

మళ్ళీ పొద్దున్నే ఇవాళ.
బిస్కెట్ ముక్క. నీళ్ళు. గుక్క.
మింగడానికి కొంచెం ఎక్కువసేపే తీసుకుంది.
"తొమ్మిదిన్నర," అంది.
మా రిజిస్టర్లో అరకి గడి లేదు.
మార్జిన్లో రాసింది.